గండి దగ్గర గుర్రాలు

వైద్య లాంచీ 'సీతాకోక' దినచర్య. రాస్తున్నది లాంచీ నడిపే సరంగు సంగాడి వీరవేణి.

ఆషాఢ శుద్ధ పాడ్యమి

అబ్బులు మాస్టారు ఈ రోజు మా లాంచీలోనే పోయారు. గట్టు ఆసుపత్రి మీది జెండా కళ్ళకి కనబడుతూనే ఉంది. అందుకోలేకపోయాం.

ట్యాంకుపేట నుంచి పొద్దున్నే కబురొచ్చింది, మాస్టారికి గుండెలో నొప్పని. ట్యాంకుపేట నీళ్ళ మీద తేలే మా ఊళ్ళల్లో పెద్దది, పాత మంచినీళ్ళ ట్యాంకుకి గొలుసులేసి కట్టిన ఊరు. ఆ ట్యాంకు చుట్టూ నీళ్ళ కింద ఏయే వీధులుండేవో మాస్టారు పిల్లలకి ఎక్కంలా వల్లె వేయించేవారు. మా నర్సు కెజియా ఆయన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి సూదేసింది. మా ఆయన ఏడుకొండలు తాళ్ళు విప్పాడు. ఈ లాంచీకి కళాసీ ఆయనే.

గండి దాకా బాగానే వచ్చాం. గండి దగ్గర ఆగిపోయాం. ఇంజన్లు ఆగలేదు. రెండూ పూర్తి రేజులో అరుస్తూనే ఉన్నాయి, ముక్కు కింద నీళ్ళు చీలుతూనే ఉన్నాయి. పక్కన ఏటిగట్టు మీదున్న సర్వితుప్ప మాత్రం కదలదు. చాలాసేపు అది మా పక్కనే ఉంది. తర్వాత మెల్లగా ముందుకి జరగడం మొదలెట్టింది. అంటే మేం వెనక్కి పోతున్నాం.

నిన్న అమావాస్య. పాటు వేళ, సముద్రం నీళ్ళని వెనక్కి లాక్కునే వేళ, ఏటిగట్టు లోపలి నీళ్ళన్నీ ఈ ఒక్క గండిలోంచే కిందికి దిగాలి. మిగతా రెండు గండ్లూ ఇసక మేటలేసి మూసుకుపోయాయి. ఇది మాత్రం నెలనెలా లోతవుతోంది. ఊళ్ళన్నీ గండికి ఇవతల ఉన్నాయి. ఆసుపత్రి అవతల ఉంది.

మాస్టారు కాసేపు మాట్లాడారు. ఎక్కడిదాకా వచ్చామని అడిగారు. గండిలో ఉన్నామన్నాను. అయితే వచ్చేసినట్టే అన్నారు. ఆ తర్వాత కెజియా లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"వేణక్కా, రేజు తగ్గించు."

అంతే అంది. తగ్గించాను. లాంచీ దానంతటదే వెనక్కి కొట్టుకుపోయింది.

ఇవి తొంభై గుర్రాల బలమున్న ఇంజన్లు, రెండు. వీటిని బిగించిన రోజుల్లో గండి ఇంత లేదు. ఇప్పుడింతకంటే పెద్దవి కావాలి. వచ్చే పున్నమికి నీళ్ళు మళ్ళీ ఇలాగే జోరుగా దిగుతాయి, ఆ పెద్దపాటు లోపల తెచ్చి తీరతాను.

ఆషాఢ శుద్ధ పంచమి

ఇంజన్లు దొరికాయి. సముద్రం అడుగున పడి ఉన్న పాత కాపలా బోటులోంచి గజ ఈతగాళ్ళు రెండు పైకి తీశారట, ఒక్కోటి రెండొందల గుర్రాలవి. ఊళ్ళ సమాఖ్య వాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక టార్పాలిన్ కప్పి మస్తాన్‌వలి బాబాయి షెడ్డులో పెట్టారు. నేను వెళ్ళి అడిగాను. బిగించి చూసుకో, నచ్చితే ఉంచుకో, ఆ మాట మాత్రం పున్నమి వెళ్ళాక సభలో అందరి ముందూ చెప్పి ఖాయం చేసుకో అన్నారు.

బాబాయి మా లాంచీలన్నిటికీ మెకానిక్. నేను చెప్పిందంతా విని, లాంచీ వెనక్కెళ్ళి, ఇంజన్లు తగిలించే వెనక పలక మీద వేళ్ళతో కొట్టి చూశాడు. పుచ్చకాయ చూసినట్టు చూశాడు.

"ఇంజనంటే తోపొక్కటే అనుకుంటున్నావమ్మా. బరువు కూడా. ఈ పలక తొంభైలకని చేసింది," అన్నాడు.

ఇనప పట్టీలు వేసి గట్టి చెయ్యమన్నాను. చేస్తాడట, పరీక్ష వరకే. పట్టీలు పలకని పట్టుకుంటాయి గానీ పలక పట్టుకున్న పడవ ఒళ్ళు పాతదే కదా అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు రుచించలేదు. ఎన్నాళ్ళకైనా నువ్వు వద్దనేవాడివే బాబాయ్ అన్నాను. ఆయన నవ్వి, మేకులు వెతుక్కోవడానికి వెళ్ళాడు.

టార్పాలిన్ తీసి చూశాను. నల్లగా, నా నడుం ఎత్తున ఉన్నాయి. ఉప్పు పట్టిన చోట గోటితో గీకితే లోపల రంగు మెరుస్తోంది. ఇంటికొచ్చి ఏడుకొండలికి చెప్తే పూర్తిగా విని ఒక్కటే అడిగాడు, నూనె ఎక్కణ్ణించి వస్తుందని. మా ఇంజన్లు నడిచేది నాచునూనె మీద. నాచుని గానుగాడితేనే నూనె, ఎండ కాస్తేనే నాచు. ఆషాఢంలో ఎండెక్కడిది. అయినా సరే, మనిషి ప్రాణం కంటే నూనె ఎక్కువా అన్నాను. ఎక్కువని నేనన్నానా అన్నాడు.

ఆషాఢ శుద్ధ అష్టమి

పేరంటాలమ్మ వచ్చింది. ట్యాంకుపేట చుట్టూ ఉన్న తేలు మళ్ళన్నీ ఆవిడ పెత్తనం కిందే ఉంటాయి. గుర్రపుడెక్కా పీచూ కలిపి అల్లిన చాపల మీద ఉప్పుకి తట్టుకునే వరి వేస్తారు. ఇప్పుడు పొట్ట మీదుంది. లాంచీ పెద్ద అల లేపిందంటే చాప అంచులు విడిపోతాయి, విడిపోయిన చాప పాటుకి సముద్రంలోకి పోతుంది. ఒక చాప పోతే నాలుగిళ్ళ తిండి పోయినట్టే.

ఊరి కాలవలో మెల్లగానే వెళ్తానని మాటిచ్చాను. ఆవిడ లాంచీ అంచు మీద కూర్చుని తమలపాకు నలుపుతూ నా మొహం చూసింది.

"లోపల మనిషి అరుస్తుంటే కూడా మెల్లగానే వెళ్తావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. వెళ్ళనన్నాను.

"ఆయ్, నీ చోట నేనున్నా వెళ్ళను. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను," అంది.

ఆవిడ పోట్లాటకి రాలేదు. మాస్టారు ఆవిడకి వరసకి అన్నగారవుతారు. ఆయన ఇంటికి పరామర్శకి వెళ్ళి అట్నుంచటే వచ్చింది. ఆ సంగతి వెళ్ళేటప్పుడు చెప్పింది. చెప్పకపోతే బావుండేది, కోపం తెచ్చుకోవడానికి నాకు వీలుండేది.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

తొలి ఏకాదశి. కెజియా ఏకాదశి చెయ్యదు గానీ పేలపిండి నాకంటే ఎక్కువ తిన్నది. బాబాయి విప్పి ఉప్పంతా కడిగిచ్చిన ఇంజన్లు బిగించాం. పరీక్షకి బయల్దేరాం.

ముందు మంచి సంగతి రాస్తాను. బయటి నీళ్ళల్లో రేజు పెంచగానే లాంచీ ముక్కెత్తి నీళ్ళ మీదికి లేచింది. ఇన్నేళ్ళుగా ఈ లాంచీ నడుపుతున్నాను, ఇది ఇలా పరిగెడుతుందని నాకు తెలీదు. గాలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గాలికేనని రాస్తున్నాను. పాటు మధ్యలో ఉండగా గండిలోకి దింపాను. సర్వితుప్ప మా పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. మెట్లెక్కినట్టు ఎక్కేశాం. అవతలి ప్రశాంతమైన నీళ్ళల్లో ఇంజన్లు ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇక మిగతావి.

కెజియా స్ట్రెచర్ మీద తనే పడుకుని, పట్టీ బిగించుకుని, చేతిలో ఒక పచ్చి అరటికాయా ఖాళీ సూదీ పట్టుకుంది. అరటికాయని చెయ్యి అనుకుని నరం మీద సూది గుచ్చినట్టు అనుకున్న చోట గుచ్చుతుందట. పాత ఇంజన్లతో అయితే గుచ్చగలనంది. ఈ వేగంలో చిన్న కెరటాల మీద లాంచీ దడదడమని కొట్టుకుంటూ పోయింది. తిరిగొచ్చాక ఆ అరటికాయ నా ముందు పెట్టింది. దాని నిండా బెజ్జాలే. ఒక్కటీ అనుకున్న చోట లేదు. తన బొటనవేలికీ ఒకటి పడింది.

"త్వరగా చేరతాం అక్కా. కానీ దారిలో నేను ఉన్నా లేనట్టే," అంది.

ఏడుకొండలు నూనె ట్యాంకులో పుల్ల ముంచి తడి ఎంతవరకుందో చూపించాడు. లైట్‌హౌస్‌పేట మా ఊళ్ళన్నిటికీ చివర, సముద్రం వైపుంది. ఈ వేగంతో అక్కడికి వెళ్తే తిరిగి రావడానికి నూనె మిగలదు.

వచ్చేటప్పుడు ట్యాంకుపేట కాలవలో మాట ప్రకారం మెల్లగానే వచ్చాను. మెల్లగా వస్తేనే ఎక్కువ చెడింది. ఇంజన్ల బరువుకి వెనక భాగం దిగబడి, లాంచీ నాగలిలా నీళ్ళని దున్నుకుంటూ వచ్చింది. ఒక చాప అంచు విడిపోయింది. పేరంటాలమ్మ మనుషులు నడుంలోతు నీళ్ళల్లోకి దిగి దాన్ని కుట్టుకుంటున్నారు. నేను దిగి సాయం పట్టాను.

ఇన్ని చూశాను. అయినా గండి దాటాను కదా. ఈ ఇంజన్లే ఆ రోజుంటే మాస్టారు ఆసుపత్రిలో కళ్ళు తెరిచేవారు. తీసెయ్యమని బాబాయికి చెప్పడానికి నోరు రాలేదు. పున్నమి దాకా ఉంచమన్నాను.

ఆషాఢ బహుళ పాడ్యమి

నిన్న పున్నమి. రాసే తీరిక లేకపోయింది. ఇప్పుడు వరసగా రాస్తాను.

పొద్దున లైట్‌హౌస్‌పేట నుంచి రేడియోలో కబురు. మౌక్తిక అని కడుపుతో ఉన్న అమ్మాయి. నెలలు నిండకుండానే నొప్పులొచ్చి రక్తం పోతోంది. మంత్రసాని వల్ల కాదంటోంది. పాత ఇంజన్లు షెడ్డులో విప్పి పడున్నాయి, లాంచీకి ఉన్నవి పెద్దవే. షెడ్డులో ఉన్న నూనె డబ్బాలన్నీ ఎత్తించుకున్నాం. వెళ్ళేటప్పుడు ఏడుకొండలు నా పక్కనే నిలబడి రేజు తగ్గించు, తగ్గించు అంటూ వచ్చాడు. విన్నాను. అంటే నాలుగొందల గుర్రాలు వెనక పెట్టుకుని పాత వేగంతోనే వెళ్ళాం.

మౌక్తికని ఎక్కించుకున్నాం. తోడు వాళ్ళత్తగారు ఎక్కింది. కెజియా ఆ అమ్మాయి చేతికి సెలైన్ పెట్టాక, సూది కదలకూడదు, నెమ్మదిగా పోనిమ్మంది. అలాగే గండి దగ్గరికి చేరాం. పెద్దపాటు మంచి ఊపులో ఉంది. నీళ్ళు గండిలోంచి గోధుమరంగు గోడలా దిగుతున్నాయి.

గండికి ఇవతల పడవలు ఆగి ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. బియ్యం పడవ, చేపల పడవలు, బడిపిల్లల పడవ. అన్నీ నీళ్ళు నెమ్మదించేదాకా అలా కట్టుకుని పడుంటాయి. ఇన్నేళ్ళుగా వాటి పక్కనుంచే వెళ్తున్నాను, ఎన్నడూ లోపలికి చూసింది లేదు. నిన్న వాటిల్లో ఒక చిన్న పడవలోంచి ఒకాయన తువ్వాలు ఊపుతూ కేకేశాడు. టవరుపేట వాళ్ళు. ఆయన తమ్ముడు కామరాజుని పొద్దున వల దులుపుతుంటే సముద్రపు పాము కరిచింది. పడవ అడుగున పడుకోబెట్టారు. రెప్పలు ఎత్తలేకపోతున్నాడు. వాళ్ళది చిన్న ఇంజను, గండి వైపు పోవడం కూడా దానివల్ల కాదు.

మనిషిని మా లాంచీలోకి మార్చుకుందామంటే ఆ ప్రవాహంలో రెండు పడవలూ పక్కపక్కన నిలవడంలేదు. రెండుసార్లు చూశాం. రెండోసారి కొట్టుకుని వాళ్ళ పడవ అంచు పగిలింది.

తాడేసి లాగితే మేం నెమ్మదిస్తాం. లోపల మౌక్తిక పెదాలు తెల్లబడుతున్నాయి. నేను కెజియా వైపు చూశాను. ఇలాంటప్పుడు మాట ఆమెదే.

"ఈ అమ్మాయికి ఇంకా టైముంది. అతనికి లేదు," అంది కెజియా. "తాడు వెయ్యమను."

మౌక్తిక అత్తగారు ఏమైనా అంటుందనుకున్నాను. ఆవిడ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, వెయ్యండమ్మా అంది.

ఏడుకొండలు తాడు విసిరాడు. ఒక్క విసురుకే అందింది. రేజు మొత్తం ఇచ్చాను. పరీక్ష రోజు మెట్లెక్కినట్టు ఎక్కిన లాంచీ నిన్న మోకాళ్ళ మీద పాకినట్టు పాకింది. తాడు లాగుతున్న కొద్దీ వెనక పలక దిగబడింది, నీళ్ళు పలక మీదుగా లోపలికి పొంగాయి. ఏడుకొండలు బకెట్‌తో తోడుతూనే ఉన్నాడు. గండి మధ్యలో వెనక ఏదో టప్‌మన్న చప్పుడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే రేజు తగ్గిస్తానని భయం.

దాటాం.

అవతలికి చేరాక తాడు కట్టిన ఆ చిన్న పడవ మా వెనక ఊగుతూ కనబడింది. దాని వెనక, గండి దిగువన, మిగతా పడవలు. వాటిల్లో మనుషులు లేచి నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. మేం వెళ్ళిపోయేదాకా నిలబడే ఉన్నారు.

మౌక్తికకి ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా బతికారు. ఆడపిల్ల, గుప్పెడంత ఉంది, గాజుపెట్టెలో పెట్టారు. కామరాజుకి విరుగుడు మందు ఎక్కించారు. ఇవాళ పొద్దున కళ్ళు తెరిచి మజ్జిగ అడిగాడట. మా నూనె అయిపోయింది. ఆసుపత్రి జనరేటర్ నూనె అరువు తెచ్చుకుని తిరిగొచ్చాం.

ఆషాఢ బహుళ తదియ

బాబాయి ఇనప పట్టీలు విప్పి చూపించాడు. వెనక పలక పైనుంచి కిందికి చీలిపోయింది. అందులో నా వేలు పట్టింది. గండి ఇంకొంచెం పొడుగుంటే ఇంజన్లూ పలకా కలిసి అడుక్కి పోయేవి, వాటితో మేమూ. బాబాయి నన్ను దెప్పలేదు. కొత్త పలక వేస్తాను, ఇంకా మందంగా వేస్తాను, ముందు వైపు బరువు పెట్టి సరిచేద్దాం అన్నాడు. చూస్తే ఆయనే ఇప్పుడు పెద్ద ఇంజన్ల పక్షం. మౌక్తిక కథ ఊళ్ళన్నీ తిరిగింది కదా.

నేను షెడ్డు అంచు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. గండి దాటలేనిది నా లాంచీ ఒక్కటేనని అనుకుంటూ వచ్చాను. పెద్ద ఇంజన్లతో నేను దాటుతాను. మిగతా వాళ్ళు నిలబడి చూస్తారు. పైగా నాకు ఆ బలం కావలసింది ఆ కాస్త దూరానికే. అటూ ఇటూ ఉన్న దారంతా పాత ఇంజన్లే మేలు. నూనె తక్కువ తాగుతాయి, మళ్ళు చెడగొట్టవు, కెజియా సూది నిలుస్తుంది. ఆ కాస్త దూరం కోసం ఇంత బరువుని లైట్‌హౌస్‌పేట దాకా ఎందుకు మొయ్యాలి? గుర్రాలని గండి దగ్గరే కట్టేస్తే పోయేదిగా.

షెడ్డు పక్కన ఇసక మోసే పాత పంటు ఒకటుంది, బల్లపరుపు పడవ. వెడల్పు, బండ, ఏనుగు తొక్కినా చలించదు. దాని మీద ఈ ఇంజన్లు బిగిస్తే నిలుస్తాయా అని అడిగాను. బాబాయి పంటు వైపు చూశాడు, ఇంజన్ల వైపు చూశాడు. గండి దగ్గర గుంజ పాతి తాడుతో లాగొచ్చు కదా అని సమాఖ్య వాళ్ళు ఒకప్పుడు చూశారట, గట్టు చివర్లు రోజూ జారిపోతుంటే ఏ గుంజా నిలవలేదట. పంటు అయితే గట్టుతో పని లేదు. ఇంజన్లకి నీళ్ళల్లో తిరిగే పంకాలు మార్చాలి, తక్కువ మెలికవి వెయ్యాలి, అప్పుడు వేగం చస్తుంది, లాగుడు పెరుగుతుంది అన్నాడు. అప్పటికే ఆయన చేతిలోకి సుద్దముక్క వచ్చేసింది.

పంటుకి సరంగు ఎవరని ఆయనే అడిగాడు. ఆ గండిలో సుడులు ఎక్కడ లేస్తాయో, అడుగున కొబ్బరి మోళ్ళు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి కావాలి. రోజంతా అదే నీళ్ళల్లో అటూ ఇటూ తిరగాలి. జారితే మనిషి దొరకడు.

జవాబు నాకు తెలుసు. ఇంటికెళ్ళి ఏడుకొండలికి చెప్పాను. ఆయన తాడు పేనుతున్నాడు.

"సీతాకోక ఎవరు నడుపుతారు?" అన్నాడు.

"నువ్వు, మావా."

ఆయన చాలాసేపు తాడు పేనుతూనే ఉన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచి మేం ఒకే పడవలో పని చేశాం. వేరే పడవల్లో ఎప్పుడూ లేం. నీకు వేగం ఇష్టం కదే వేణీ అన్నాడు చివరికి. ఇష్టమే. ఏకాదశి నాడు ఆ లాంచీ నీళ్ళ మీదికి లేచినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. ఆ మాటే చెప్పాను. ఆ తర్వాత, ఇష్టమే గానీ వద్దు అన్నాను. ఆయన తలూపాడు. కన్నెత్తి మాత్రం నా వైపు చూడలేదు.

ఆషాఢ బహుళ షష్ఠి

సభ జరిగింది. ట్యాంకు కింద తేలు అరుగు మీద అన్ని పేటల వాళ్ళూ వచ్చారు. లైట్‌హౌస్‌పేట వాళ్ళు ముందే లేచి, పెద్ద ఇంజన్లు సీతాకోకకి ఉండాల్సిందే అన్నారు. మౌక్తిక మామగారు ఏడుస్తూ మాట్లాడాడు. టవరుపేట వాళ్ళదీ అదే మాట. వద్దంటుందనుకున్న పేరంటాలమ్మ కూడా, అలకి మా చాపలు మేం గట్టిగా కట్టుకుంటాం, ఉంచుకోమ్మా అంది. నేను అడిగింది అందరూ ఇస్తున్నారు. ఇస్తుంటే వద్దనడం ఇంత కష్టమని నాకు తెలీదు.

లేచి వద్దన్నాను. ఎందుకో చెప్పాను. అరటికాయ సంగతి, నూనె సంగతి, పలక సంగతి, ఇంజన్లని పంటుకి బిగించి గండి దగ్గరే ఉంచే సంగతి. మధ్యలో ఒకాయన అడ్డొచ్చి, చావుబతుకుల్లో ఉన్న మనిషిని తెచ్చే లాంచీకీ బియ్యం పడవకీ పోలికేంటన్నాడు. నిజమే. అయినా చెప్పాను.

"పున్నమినాడు పాము కరిచిన మనిషి వైద్య లాంచీలో లేడండి. అక్కడ ఆగిన పడవల్లో ఉన్నాడు. రేపెవరు ఏ పడవలో ఉంటారో నాకు తెలీదు. అందుకని గండి దగ్గరికి వచ్చిన పడవనల్లా దాటించాలి."

పేరంటాలమ్మ, ఆ నీళ్ళల్లో రోజంతా ఎవరు కూర్చుంటారమ్మా అని అడిగింది. నేనే కూర్చుంటానన్నాను. ఆవిడ మా ఆయన వైపు చూసింది. మా ఆయన లేచి, గొంతు సర్దుకుని, లాంచీ నేను చూసుకుంటానండి అన్నాడు. సభలో ఆయన మాట్లాడడం అందరూ అదే మొదటిసారి వినడం.

వైద్య లాంచీ వస్తే మిగతావి పక్కకి తప్పుకోవాలి. ఆ ఒక్క నియమం పెట్టి ఒప్పుకున్నారు. నూనె అన్ని పేటలూ పంచుకుంటాయి.

శ్రావణ శుద్ధ విదియ

ఈ పుటలు ఇక లాంచీవి కావు, పంటువి. జనం దీనికి అప్పుడే 'దున్నపోతు' అని పేరు పెట్టేశారు. బాబాయి పంకాలు మార్చాడు. మొదటి రెండు రోజులూ ఖాళీ పంటుని గండిలో ఎక్కించి దింపి చూసుకున్నాను. వేగమంటూ ఏమీ లేదు, పిల్లలు ఈత కొట్టి దాటేస్తారు దీన్ని. కానీ గండి మధ్యలో రేజు సగానికి తగ్గించినా వెనక్కి పోలేదు. అక్కడే నిలబడింది. నీళ్ళే రెండు పక్కలకీ తప్పుకుని పోయాయి.

ఇవాళ మొదటి పెద్దపాటు. పొద్దున నుంచి బియ్యం పడవ దాటించాను. తర్వాత బడిపిల్లల పడవ. పిల్లలు దారంతా పాటలు పాడారు, వాళ్ళ పంతులమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత పెళ్ళివారి పడవ. వాళ్ళు నాకు కుంకుమ బొట్టు పెట్టి రెండు లడ్లు ఇచ్చారు. నా ఒంటి నూనె అంటుతుందని నేను వెనక్కి తగ్గితే, బొట్టు తిన్నగా పెట్టనివ్వలేదని పెళ్ళికూతురి తల్లి కోప్పడింది. ఒకసారి తాడు జారి పంకా వైపు పోయింది. ఇంజన్లు ఆపి, మోళ్ళకి కొట్టుకోకముందే తాడు లాక్కున్నాను. చేతులు ఒరుసుకుపోయాయి. రేపటికి రెండో మనిషిని అడగాలి, ఒక్కదాన్ని ఈ పని కుదరదు.

మధ్యాహ్నం దాటాక సైరన్ వినబడింది. పడవలన్నీ తప్పుకున్నాయి. సీతాకోక వచ్చింది, పాత ఇంజన్లతో, నీళ్ళ మీద తేలిగ్గా. చక్రం దగ్గర ఏడుకొండలు. ఇంకో ఊరి కళాసీ ఎవరో ముందు నిలబడ్డాడు. లోపల కెజియా ఎవరి మీదకో వంగి ఉంది. ఎవరో నాకు కనబడలేదు.

తాడు విసిరాను. కళాసీ అందుకుని కట్టాడు. ఏడుకొండలు చెయ్యెత్తాడు, సిద్ధమన్నట్టు. నేను రేజు ఇచ్చాను. దున్నపోతు గొంతెత్తింది, తాడు బిగిసింది, రెండు పడవలూ కలిసి గండిలోకి ఎక్కాయి. నేను నీళ్ళని చూసుకుంటూ, ఆయన నా తాడుని చూసుకుంటూ. ఇన్నేళ్ళు పక్కపక్కన నిలబడి పని చేసినప్పుడు కూడా ఆయన ఎటు తిప్పుతాడో ఇంత ముందుగా నాకు తెలిసేది కాదు. సుడి దగ్గర నేను ఎడమకి లాగితే లాంచీ అప్పటికే ఎడమకి తిరిగి ఉంది.

అవతల నెమ్మది నీళ్ళల్లోకి చేరగానే కళాసీ తాడు వదిలేశాడు. సీతాకోక ముక్కు ఆసుపత్రి వైపు తిప్పి వేగం అందుకుంది. కళాసీ నా వైపు చెయ్యి ఊపాడు. ఏడుకొండలు వెనక్కి తిరగలేదు. లోపల మనిషున్నప్పుడు సరంగు తిరగకూడదు. ఆయనకి చెప్పాల్సిన పని లేకపోయింది.

తడి తాడు చుట్టి పంటు వెనక్కి తిప్పాను. ఇవతల ఇంకా నాలుగు పడవలున్నాయి.